స్కూబా హార్నెస్, వింగ్ ఎంచుకోవడం ఎట్లా: తూకం నుంచి గోచీ పట్టీ దాకా

కావలి, నెల్లూరు, ఒంగోలు పక్కల డైవింగ్ నేర్చుకున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే మాట: "అన్నా, సొంతంగా బీసీడీ కొనుక్కుందామనుకుంటున్నా, ఏ కంపెనీది తీసుకోమంటావు?"

బీసీడీ అంటే నీళ్ళలో తేలడం, మునగడం అదుపు చేసుకోవడానికి ఒంటికి కట్టుకునే గాలి సంచి సామాను; అందులో జాకెట్ రకం ఒకటి, హార్నెస్‌కు వింగ్ తగిలించే రకం ఒకటి. కంపెనీ సంగతి చివర్న చూసుకోవచ్చు. ముందు తెలియాల్సింది నీళ్ళలో మీరెంత తూగుతారు, మీ సిలిండర్ ఎంత తూగుతుంది, మీ భుజాలూ నడుమూ ఏ కొలతలో ఉన్నాయి అన్నది. ఇవి కాగితం మీద రాసుకోకుండా కొన్న సామాను ఎంత ఖరీదైనదైనా ఒంటి మీద ఇబ్బంది పెడుతూనే ఉంటుంది.

ఇది ఓపెన్ వాటర్ స్థాయి శిక్షణ పూర్తయి, 18 మీటర్ల లోపు ఒకే సిలిండర్‌తో దిగేవాళ్ళ కోసం రాస్తున్నది. 30 మీటర్ల వరకు శిక్షణ తీసుకున్నవాళ్ళకు కూడా లెక్క ఇదే. శిక్షణ లేనివాళ్ళు దీన్ని చదివి సామాను కొని నీళ్ళలోకి దిగొద్దు. ముందు కోర్సు, తర్వాత కొనుగోలు.

1. కొనేముందు మూడు ప్రశ్నలు

ఎక్కడ దిగుతారు? మన తీరంలో సరదా డైవింగ్‌కు వీలు తక్కువ. మైపాడు దగ్గర చూసినా కొత్తపట్నం దగ్గర చూసినా అలలు ఇసుకను లేపేస్తుంటాయి, నీళ్ళు మట్టిరంగు తిరిగి ఉంటాయి. అందుకే ఇక్కడివాళ్ళు పుదుచ్చేరికో, విశాఖ రుషికొండకో, కర్ణాటకలో మురుడేశ్వర్ ఎదుటి నేత్రాణి దీవికో, అండమాన్‌కో వెళ్తారు. అంటే మీ సామాను మీతోపాటు రైళ్ళూ విమానాలూ ఎక్కాలి. చెన్నై నుంచి అండమాన్ వెళ్ళే విమానంలో చెక్-ఇన్ సామానుకు మామూలుగా ఇచ్చేది 15 కిలోలు. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), ఫిన్లు (కాళ్ళకు తొడిగే రెక్కలు), సూట్, బట్టలు సర్దేసరికి అందులో మిగిలేది కొంచెమే.

ఏడాదికి ఎన్ని డైవ్‌లు? పది లోపైతే బీసీడీ అద్దెకు తీసుకోండి. ఆ డబ్బుతో ముందు మీ మొహానికి అతికే మాస్కు, డైవ్ కంప్యూటర్, మీ కొలత సూటు కొనుక్కోండి. నా మటుకు వరస అదే: మాస్కు, కంప్యూటర్, సూటు, ఫిన్లు, ఆ తర్వాతే హార్నెస్, వింగ్.

సూట్ మందం ఎంత? అండమాన్ నీళ్ళకు 3 మిల్లీమీటర్ల సూట్ చాలు. 5 మిల్లీమీటర్లది వేసుకునేవాళ్ళకు కింద చెప్పే అంకెలన్నీ మారతాయి. అందుకే సూట్ ఖాయం కాకముందు వింగ్ కొనకండి.

2. ఏ భాగం ఏ పని చేస్తుంది

కొత్తవాళ్ళు అన్నిటినీ కలిపి "జాకెట్" అనేస్తారు. విడివిడిగా తెలిస్తే కొనడం సులువు.

– హార్నెస్: ఒంటికి కట్టుకునే నైలాన్ పట్టీ. మన నవారు మంచం పట్టీలాంటిదే, ఇంకా బిరుసుగా, 2 అంగుళాల వెడల్పుతో ఉంటుంది.
– బ్యాక్‌ప్లేట్: వీపు మీద ఆనే లోహపు పలక. హార్నెస్ దీనికే ఎక్కుతుంది.
– వింగ్: పలకకూ సిలిండర్‌కూ మధ్య ఉండే గాలి సంచి.
– ఇన్‌ఫ్లేటర్: ఎడమ భుజం మీదుగా వచ్చే గొట్టం చివరి మీటల పెట్టె. ఒక మీట గాలి నింపుతుంది, ఒకటి వదులుతుంది. నోటితో ఊది నింపడానికీ వీలుంటుంది.
– డంప్ వాల్వ్: వింగ్ అడుగున ఉండే తాడు మూత. లాగితే గాలి పోతుంది. ఒత్తిడి మరీ పెరిగితే దానంతటదే తెరుచుకుంటుంది.
– గోచీ పట్టీ: పలక అడుగు నుంచి కాళ్ళ మధ్యగా వచ్చి నడుము బెల్టుకు చేరేది. ఇంగ్లీషులో క్రాచ్ స్ట్రాప్ అంటారు. గోచీ అన్న మన మాట దాని పనిని ఇంకా బాగా చెబుతుంది.
– క్యామ్ బ్యాండ్లు: సిలిండర్‌ను పట్టి ఉంచే పట్టీలు.

జాకెట్ బీసీడీలో ఇవన్నీ ఒకే కుట్టులో కలిసిపోయి ఉంటాయి. గాలి సంచి పక్కటెముకల చుట్టూ కూడా వస్తుంది.

3. బెండూ గుండూ లెక్క

జువ్వలదిన్నెలోనో కొత్తపట్నంలోనో వల కట్టేవాళ్ళని చూడండి. పైతాడుకు బెండ్లు, కింది తాడుకు సీసపు గుండ్లు. బెండ్లు ఎక్కువైతే వల తేలిపోతుంది, గుండ్లు ఎక్కువైతే అడుగున కూలబడుతుంది. డైవర్ లెక్క కూడా ఇదే. తేడా ఏమిటంటే, వలకు ఒకసారి కడితే చాలు. డైవర్ బరువు మాత్రం దిగిన క్షణం నుంచి పైకొచ్చే దాకా మారుతూనే ఉంటుంది.

మారేవి రెండు. మొదటిది సిలిండర్‌లో గాలి. మన దగ్గర అందరూ వాడే, సుమారు 80 క్యూబిక్ అడుగుల గాలిని కుక్కి నింపే అల్యూమినియం సిలిండర్ లోపలి ఘనపరిమాణం 11.1 లీటర్లు, నింపే ఒత్తిడి 207 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). అందులో పట్టే గాలి సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది. నిండుగా ఉన్నప్పుడు సిలిండర్ నీళ్ళలో 0.7 కిలో మేర మునుగుతుంది. ఖాళీ అయ్యాక 1.8 కిలోల మేర తేలుతుంది.

రెండోది సూట్. దాని రబ్బరులోని గాలి బుడగలు లోతుకు పోయేకొద్దీ నలుగుతాయి. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలానికి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. పైన 2 కిలోలు తేలే సూట్ కింద అందులో కొంతే తేలుతుంది.

ఇప్పుడు మీ అంకెలు పట్టండి. ఇంట్లోనే చేయొచ్చు.

– 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్ళు పోయండి. రొయ్యలు తూచే వేలాడే కాటా ఒకటి అరువు తెచ్చుకోండి.
– పలకా హార్నెస్సూ కలిపి కాటాకు తగిలించి పూర్తిగా ముంచండి. బుడగలు పోయేలా ఊపి, అంకె రాసుకోండి.
– రెగ్యులేటర్‌ను కూడా ఇట్లాగే తూచండి. మొదటి స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం) నోటికి మూత గట్టిగా బిగించాకే ముంచాలి. లోపలికి నీళ్ళు పోతే సర్వీసుకు పంపాల్సి వస్తుంది.
– సూట్‌ను వల సంచిలో పెట్టి, నానబెట్టి, పిసికి గాలి పోగొట్టండి. సరిగ్గా మునిగేదాకా సీసం ముక్కలు వేస్తూ పోండి. ఎంత సీసం పడితే సూట్ సుమారు అంత తేలుతుందన్నమాట. కిలో సీసం నీళ్ళలో 900 గ్రాముల చిల్లరే తూగుతుంది, కాబట్టి ఆ కాస్త తగ్గించి రాసుకోండి.

ఒక ఉదాహరణ. 3 మిల్లీమీటర్ల సూట్, 80 అల్యూమినియం సిలిండర్, ఉప్పు నీళ్ళు. డైవ్ చివర, సిలిండర్‌లో 50 బార్ మిగిలి ఉన్నప్పటి లెక్క:

– సూట్: 2 కిలోలు తేలుతుంది
– ఒళ్ళు: 1 కిలో తేలుతుంది
– సిలిండర్: 1.3 కిలోలు తేలుతుంది
– రెగ్యులేటర్: 1 కిలో మునుగుతుంది

తేలేది మొత్తం 3.3 కిలోలు. దీన్ని సరిచేయడానికి బరువు కావాలి. స్టీలు పలకా హార్నెస్సూ నీళ్ళలో రెండున్నర కిలోలు తూగాయనుకుంటే సీసం 0.8 కిలో చాలు. అల్యూమినియం పలకైతే 0.8 తూగుతుంది, సీసం రెండున్నర కావాలి. జాకెట్ బీసీడీ బట్టా మెత్తలూ కలిసి తనే 0.7 కిలో తేలిందనుకోండి, సీసం నాలుగు కిలోలు కావాలి. ఇవి మీ అంకెలు కావు, పద్ధతి అర్థం కావడానికి రాసినవి. ఒళ్ళు ఎంత తేలుతుందో మనిషి మనిషికీ మారుతుంది. సన్నగా కండపట్టి ఉన్నవాళ్ళు కొందరు అసలు తేలరు.

లెక్క ఎప్పుడూ డైవ్ చివరికి వేయాలి. డైవ్ మొత్తంలో మనం అన్నిటికంటే తేలికగా ఉండేది అప్పుడే, పైకి వచ్చేముందు జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిందీ అప్పుడే. నిండు సిలిండర్‌తో తూచుకుని సరిపోయిందనుకున్నవాళ్ళు చివర్న పైకి తేలిపోతారు.

మంచినీళ్ళలో చేసిన లెక్కను సముద్రానికి అట్లాగే వాడకండి. రొయ్యల గుంటలున్నవాళ్ళకు సెలైనిటీ గురించి నేను చెప్పక్కర్లేదు. సముద్రం నీళ్ళు మంచినీళ్ళకంటే రెండున్నర శాతం బరువు. సామానుతో కలిపి 95 కిలోలున్న మనిషికి సముద్రంలో అదనంగా రెండు కిలోల పైచిలుకు సీసం కావాలి.

4. జాకెట్టా, వింగా

నేను వింగ్ పక్షం. అయినా జాకెట్ వద్దని అందరికీ చెప్పను.

జాకెట్ తీసుకోవాల్సింది ఎవరంటే: అద్దె జాకెట్‌తో నేర్చుకుని అందులోనే సౌకర్యంగా ఉన్నవాళ్ళు, జేబులు ఎక్కువ కావాలనుకునేవాళ్ళు, పైన తేలుతున్నప్పుడు నిలువుగా ఉండటం ముఖ్యమనుకునేవాళ్ళు. కొనేటప్పుడు సూట్ మీద తొడిగి, పూర్తిగా గాలి నింపి, గట్టిగా ఊపిరి పీల్చి చూడండి. పక్కటెముకలు బిగిస్తే ఒక సైజు పెంచండి. గాలి లేనప్పుడు చంకల కిందికి జారితే ఒక సైజు తగ్గించండి. రెండూ జరుగుతుంటే ఆ మోడల్ మీ ఒంటిది కాదు.

వింగ్ తీసుకోవాల్సింది నీళ్ళలో పడుకున్నట్టు అడ్డంగా ఉండాలనుకునేవాళ్ళు. గాలి వీపు మీదే ఉంటుంది, ఛాతీ ఖాళీగా ఉంటుంది. ఏ భాగం పాడైతే ఆ ఒక్క భాగమే మార్చుకోవచ్చు. చిన్న ఒంటివాళ్ళకు, ఆడవాళ్ళకు దుకాణాల్లో సరైన సైజు జాకెట్ దొరకడం కష్టం. పట్టీని కొలతకు కట్టుకునే హార్నెస్ వాళ్ళకు పెద్ద వెసులుబాటు.

వింగ్‌లో ఒక ఇబ్బంది నిజమే. నీటి పైన గాలి ఎక్కువ నింపితే మొహం ముందుకు తోసినట్టు ఉంటుంది. కాస్త వెనక్కి వాలి, తల పైకి ఉండేంత గాలి మాత్రమే నింపితే సరిపోతుంది.

సిలిండర్లు చంకల పక్కన కట్టుకునే సైడ్‌మౌంట్ గురించి కూడా అడుగుతుంటారు. అది విడిగా శిక్షణ తీసుకున్నాకే. మొదటి కొనుగోలుగా వద్దు.

5. పలక: స్టీలా, అల్యూమినియమా

స్టీలు పలక రెండున్నర నుంచి మూడు కిలోలు, అల్యూమినియం పలక కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

మీ లెక్కలో సీసం నాలుగైదు కిలోలు కావాలని వస్తే స్టీలు తీసుకోండి. ఆ బరువు వీపంతా పరుచుకుంటుంది, నడుముకు బెల్టు కోసుకోదు. విమానాల్లో తిరిగేవాళ్ళకు అల్యూమినియం మేలు. సీసం డైవ్ సెంటర్లో ఎట్లాగూ ఇస్తారు.

స్టీలు పలకతో మీ సీసం లెక్క సున్నాకో, అంతకంటే కిందికో పోతే ఆ పలక మీకు వద్దు. వింగ్ చిరిగిన రోజున వదిలేయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. పలక విప్పి పారేయలేం కదా.

కొనేటప్పుడు చూడాల్సినవి:

□ 316 గ్రేడ్ స్టీలేనా
□ పట్టీ దూరే చీలికల అంచులు నున్నగా ఉన్నాయా (వేలితో రాసి చూడండి, గరుకుగా ఉంటే పట్టీని కొరికేస్తుంది)
□ మధ్యలో బోల్టు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలేనా (చాలా వింగ్‌లు ఈ కొలతకే వస్తాయి)
□ పలక పొడవు మీ వీపుకు సరిపోతుందా (కూర్చున్నప్పుడు అడుగు అంచు నడుము కింద గుచ్చుకోకూడదు)

6. వింగ్ ఎంత పెద్దది ఉండాలి

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, నేనూ మోసపోయాను. నా మొదటి వింగ్ 50 పౌండ్లది, అంటే 22 కిలోలకు పైగా తేల్చేది. అమ్మినాయన "పెద్దదైతే సేఫ్" అన్నాడు, నమ్మాను. హావ్‌లాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, 5 మీటర్ల దగ్గర ఆగినప్పుడు మిగులు బట్ట సిలిండర్ చుట్టూ రొట్టెలా మడుచుకుంది. గాలి ఒక పక్కకు చేరింది. నేనా పక్కకు ఒరిగాను. గొట్టం ఎత్తితే గాలి బయటికి పోలేదు. ఆగాల్సిన మూడు నిమిషాలు పూర్తికాకుండానే పైకి తేలిపోయాను. ఆ రోజు ఏమీ కాలేదు. కానీ ఆ వింగ్ మళ్ళీ కట్టలేదు.

సైజు రెండు లెక్కలతో తేలుతుంది.

మొదటి లెక్క, కింద. డైవ్ మొదట్లో చివరికంటే సుమారు 2 కిలోల గాలి అదనంగా మోస్తున్నాం. సూట్ తన తేలే బలం మొత్తం పోగొట్టుకుందనే అనుకుందాం, ఇంకో 2 కిలోలు. మొత్తం 4 కిలోలు వింగ్ మోయాలి.

రెండో లెక్క, పైన. పడవ పక్కన సామాను విప్పి నీళ్ళలో వదిలితే అది ఒంటరిగా తేలాలి. పై ఉదాహరణ ప్రకారం స్టీలు పలక 2.5, రెగ్యులేటర్ 1, నిండు సిలిండర్ 0.7, సీసం 0.8. మొత్తం 5 కిలోలు.

రెండిట్లో పెద్దది తీసుకుని, తల నీటిపైన బాగా తేలి ఉండటానికి, అవసరమైతే తోటి డైవర్‌ను పట్టుకోవడానికి ఐదారు కిలోలు కలపండి. లెక్క 11 కిలోల దగ్గరికి వచ్చింది. 13, 14 కిలోల వింగ్, అంటే లేబుల్ మీద 30 పౌండ్లు అని ఉండేది, మన వేడి నీళ్ళకు నిండుగా సరిపోతుంది. మందం సూట్లూ బరువైన స్టీలు సిలిండర్లూ వాడేవాళ్ళకు 40 పౌండ్లది చాలు.

ఆకారాల్లో గుర్రపు నాడా, గుండ్రటి గారె అని రెండు రకాలు. గారె ఆకారంలో గాలి అడుగు నుంచి కూడా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోతుంది, కాబట్టి ఒరగడం తక్కువ. ఒకే సిలిండర్‌కు నేను దాన్నే చెబుతాను. వెడల్పు కూడా చూడండి. రెండు సిలిండర్ల కోసం చేసిన వెడల్పాటి వింగ్‌ను ఒక్క సిలిండర్‌కు కట్టకూడదు.

7. హార్నెస్‌ను ఒంటికి కట్టడం

దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి, తోడు ఒకరిని కూర్చోబెట్టుకోండి. సూట్ వేసుకునే కొలతలు తీయాలి. చొక్కా మీద తీసిన కొలత నీళ్ళలో బిగుతవుతుంది.

ముందుగా, కోయకండి. పట్టీ పొడవు ఎక్కువున్నా సరే, నాలుగైదు డైవ్‌లు అయ్యేదాకా కత్తెర ముట్టుకోవద్దు. కోశాక చివరను నిప్పుతో కాస్త కరిగించి దారాలు పోకుండా చేయాలి.

అ) భుజాలు. పలక పై అంచు మీ మెడ కింద ఎముక దగ్గరికి రావాలి. పట్టీ వేసుకున్నాక భుజం మీద అరచెయ్యి బల్లపరుపుగా సులువుగా దూరాలి. కొత్తవాళ్ళు అందరూ బిగుతుగా కడతారు, తూలిపోతుందన్న భయంతో. బిగుతైతే చేతులు వెనక్కి పోవు. విప్పేటప్పుడు మోచెయ్యి ఇరుక్కుంటుంది.

ఆ) అందుకోవడం. సిలిండర్‌తో కట్టుకుని, చెయ్యి భుజం మీదుగా వెనక్కి పెట్టి వాల్వ్ మీటను తాకండి. తాకలేకపోతే సిలిండర్‌ను కొంచెం పైకి జరపండి, లేదా భుజాలు వదులు చేయండి. తల వెనక్కి ఎత్తినప్పుడు రెగ్యులేటర్ తలకు కొట్టకూడదు. ఈ రెండిటి మధ్య మీ స్థానం దొరుకుతుంది.

ఇ) ఛాతీ డీ రింగులు, అంటే సామాను తగిలించుకునే D ఆకారపు ఉంగరాలు. చంకల ఎత్తులో, రెండో చేత్తో చూడకుండా పట్టుకోగలిగే చోట ఉండాలి. మరీ కిందికుంటే చెయ్యి కదిపినప్పుడల్లా గుచ్చుకుంటాయి. ఎడమ రింగు దగ్గర సన్నటి రబ్బరు తాడు ఉంగరం ఒకటి కట్టి ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని అందులో దూర్చండి. అది ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది.

ఈ) నడుము. బొడ్డు మీదుగా కాదు, తుంటి ఎముకల పైన ఉండాలి. బకిల్ మధ్యకు కాస్త కుడివైపు రావాలి, కుడి చేత్తో ఒక్క లాగుడుతో తెరుచుకోవాలి. ఎడమ తుంటి మీద, చెయ్యి వేలాడేసినప్పుడు తగిలే చోట ఒక డీ రింగు.

ఉ) గోచీ పట్టీ. దీన్ని తీసేసి తిరిగేవాళ్ళని చూస్తాను, చాలా తప్పు. వింగ్‌లో గాలి నింపినప్పుడు పలక పైకి తన్నుకొచ్చి మెడకు తగలకుండా ఆపేది ఇదే. నిలబడినప్పుడు కాస్త వదులుగా, నీళ్ళలో పడుకున్నప్పుడు సరిగ్గా ఉండాలి. నడుము బెల్టు దీని కొసన ఉన్న ఉంగరంలోంచి దూరాకే బకిల్ పెట్టాలి. హడావుడిలో ఈ ఒక్కటి మరిచిపోతారు.

కట్టడం అయ్యాక ఇంట్లోనే చేయాల్సిన పరీక్ష:

□ కళ్ళు మూసుకుని ప్రతి డీ రింగునూ, ఇన్‌ఫ్లేటర్‌నూ, డంప్ తాడునూ పట్టుకోండి
□ కళ్ళు మూసుకునే బకిల్ తీసి, ఎడమ భుజం నుంచి బయటికి రండి
□ ముందుకు వంగండి, పలక మెడ మీదికి జారకూడదు
□ చేతులు ముందుకు చాచి ఈత కొట్టినట్టు ఆడించండి, చంకల దగ్గర రాసుకోకూడదు

ఛాతీ మీద అడ్డంగా కట్టే పట్టీ, భుజాల మెత్తలు, తళతళలాడే క్విక్ రిలీజ్ బకిళ్ళు ఉండక తప్పదని ఏమీ లేదు. ప్రతి బకిలూ విరగగలిగే ఇంకో వస్తువే. భుజం నొప్పి ఉన్నవాళ్ళకు మాత్రం ఒక పక్క క్విక్ రిలీజ్ పెట్టుకోవడం న్యాయమే.

8. సిలిండర్ బిగించే వరస

నైలాన్ క్యామ్ బ్యాండ్లు తడిస్తే సాగుతాయి. అందుకే పొడిగా బిగించి నీళ్ళలోకి దూకితే సిలిండర్ జారుతుంది.

– బ్యాండ్లు ముందు నీళ్ళలో ముంచండి.
– వాల్వ్ రంధ్రం మీ వీపు వైపు తిరిగేలా సిలిండర్ నిలబెట్టండి.
– పై బ్యాండ్ బిగించండి, తర్వాత కింది బ్యాండ్.
– పలక పైభాగం పట్టుకుని మొత్తం లేపి రెండుసార్లు కుదపండి. ఒక వేలెడు జారినా విప్పి మళ్ళీ బిగించండి.
– రెగ్యులేటర్ బిగించి, దాన్నుంచి వచ్చే సన్న గాలి గొట్టాన్ని ఇన్‌ఫ్లేటర్‌కు తగిలించి, వాల్వ్ తెరిచి, వింగ్ నింపి, పూర్తిగా వదలండి. రెండు దారుల్లోనూ గాలి పోతోందా చూడండి.

పడవ వాళ్ళు సాయం చేస్తామని బిగించి ఇస్తారు. వాళ్ళ మంచితనానికి దణ్ణం పెట్టి, ఆఖరి కుదుపు మాత్రం మీరే చేసి చూసుకోండి.

9. మొదటిసారి నీళ్ళలో

కొత్త సామానుతో నేరుగా పడవ ఎక్కకండి. మీ బోధకుడి ఎదుట, ఈతకొలనులో ఒక గంట గడపండి.

తూకం పరీక్ష ఇట్లా: 50 బార్ మిగిలిన సిలిండర్‌తో, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి, నిలువుగా, కాళ్ళు కదపకుండా, మామూలు ఊపిరి పట్టి ఉండండి. నీళ్ళు కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు సిలిండర్‌తో చేస్తే, వచ్చిన సీసానికి రెండు కిలోలు కలుపుకోండి. కొలను లెక్కకూ సముద్రం లెక్కకూ ఉన్న తేడా మూడో భాగంలో చెప్పాను.

తర్వాత సమతూకం. అడ్డంగా పడుకుని ఏ కదలికా లేకుండా ఉండండి. కాళ్ళు మునుగుతుంటే సిలిండర్‌ను రెండు అంగుళాలు పైకి జరపండి, లేదా సీసాన్ని నడుము నుంచి పై క్యామ్ బ్యాండ్‌కు మార్చండి. తల మునుగుతుంటే దీనికి తలకిందులుగా చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి.

చివరగా, ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కుపోతే ఏం చేయాలో సాధన. ఉప్పు పేరుకుని నింపే మీట ఇరుక్కోవడం ఎవరికైనా జరగొచ్చు. ఒక చేత్తో డంప్ తాడు లాగి పట్టుకుని, రెండో చేత్తో రెగ్యులేటర్ నుంచి ఇన్‌ఫ్లేటర్‌కు వచ్చే సన్న గొట్టాన్ని ఊడదీయాలి. పదిసార్లు చేయండి, మాస్కులోంచి చూడకుండా వేళ్ళతోనే ఊడేదాకా.

10. ఎక్కువగా చూసే తప్పులు

సీసం ఎక్కువ పెట్టుకోవడం. దిగడం కష్టంగా ఉందని ఇంకో రెండు, ఇంకో రెండు అని కలుపుతూ పోతారు. 4 కిలోలు ఎక్కువుంటే దాన్ని మోయడానికి వింగ్‌లో 4 లీటర్ల గాలి అదనంగా ఉండాలి. 10 మీటర్ల దగ్గర 4 లీటర్లున్న ఆ గాలి పైకి వచ్చేసరికి 8 లీటర్లవుతుంది. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాల్సినవాడు అదుపు తప్పేది ఇక్కడే. దిగడం కష్టమైతే ముందు సీసం కాదు, ఊపిరి చూసుకోండి. కంగారులో ఊపిరి పూర్తిగా వదలరు. రెండు మూడు కిలోల తేడా అక్కడే ఉంటుంది.

వింగ్‌ను లిఫ్టులా వాడటం. పైకి రావడానికి గాలి నింపకండి. కాళ్ళతో రండి, వస్తూ గాలి వదులుతూ ఉండండి.

గాలి వదిలేటప్పుడు తప్పు భంగిమ. గొట్టంతో వదలాలంటే తల పైకి ఉండాలి, గొట్టం ఎత్తి పట్టుకోవాలి. తల కిందికి ఉంటే గాలి పిరుదుల దగ్గర ఉంటుంది, వెనక తాడు లాగాలి. గాలి ఎక్కడుందో అక్కడి మూత తెరవాలి.

సీసమంతా తీయలేని చోట పెట్టడం. కొంతైనా ఒక్క చేత్తో వదిలేయగలిగే బెల్టులోనో జేబులోనో ఉంచండి.

11. పాత సామాను కొంటుంటే

పలకకు భయం లేదు, వంకర లేకపోతే చాలు. పట్టీ ఎట్లా ఉన్నా కొత్తది వేసుకోండి, అది చవకే. అనుమానించాల్సింది వింగ్‌నే.

□ పటపటలాడేంత నింపి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి మెత్తబడితే సబ్బు నీళ్ళు పూసి బుడగ ఎక్కడో చూడండి
□ ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని వంచి చూడండి, ముడతల్లో పగుళ్ళు ఉండకూడదు
□ లోపల కాసిని నీళ్ళు పోసి ఊపి వంపండి. ఉప్పు పలుకులు, నల్లటి పొట్టు వస్తే వదిలేయండి
□ మీటలు నొక్కి వదిలితే వెంటనే వెనక్కి రావాలి

12. ఈ సామానుతో దిగకూడని చోట్లు

ఇది రాయకుండా ఉండలేను. డైవింగ్ వచ్చని తెలియగానే ఊళ్ళో పిలుపులు మొదలవుతాయి: గుంట తూములో చెత్త అడ్డుపడింది తీసిపెట్టు, హేచరీ సముద్రపు గొట్టం మూసుకుపోయింది చూడు, చెరువు షట్టర్ దగ్గర ఏదో ఇరుక్కుంది అని. పిలిచేది సొంత బాబాయో, తెలిసిన అన్నో అయి ఉంటాడు. కాదనడం కష్టమే.

అయినా వెళ్ళొద్దు. 3 మీటర్ల లోతులో, అవతల ఖాళీగా ఉన్న 30 సెంటీమీటర్ల గొట్టం మూతి మీద పడే బలం 200 కిలోలకు పైనే. చెయ్యో కాలో పీల్చుకుందంటే, మన 14 కిలోల వింగ్ కాదు కదా, పైనుంచి నలుగురు తాడు లాగినా రాదు. నీళ్ళు రెండు వైపులా సమంగా నిలిచి, మోటార్లు ఆపి, షట్టర్‌కు తాళం వేశాక కూడా అది శిక్షణ పొందిన వృత్తి డైవర్ల పని. వాళ్ళకు పైనుంచి గాలి గొట్టం, మాట్లాడే తీగ, పైన కాపలా మనిషి ఉంటారు. సరదా డైవింగ్ సర్టిఫికేట్ ఆ పనికి చెల్లదు.

13. కడగడం, దాచడం

తీరం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. రెండు బిందెల మంచినీళ్ళు దీనికి పక్కన పెట్టండి.

– పైన కడగడంతో ఆగకండి. ఇన్‌ఫ్లేటర్ నోటిలోంచి లీటరు మంచినీళ్ళు వింగ్ లోపలికి పోయండి. సగం గాలి ఊదండి. అటూ ఇటూ ఊపి, తలకిందులు చేసి డంప్ మూతలోంచి వంపేయండి. రెండుసార్లు.
– మీటలను నీళ్ళలో ముంచి నొక్కుతూ వదులుతూ ఉండండి.
– బకిల్ కీళ్ళు, బోల్టులు, క్యామ్ బ్యాండ్ మడతలు విడిగా కడగండి.
– నీడలో, గాలి తగిలే చోట వేలాడదీయండి. వింగ్‌లో పావు వంతు గాలి ఉంచండి, లోపలి పొరలు అతుక్కోవు.
– మే నెల ఎండలో కారు డిక్కీలో వదలొద్దు. ఆ వేడికి సంచి అతుకులు వదులవుతాయి.
– ఎలుకలు తిరిగే గదిలో నేల మీద పెట్టొద్దు. దండెం మీదో, మేకుకో ఎత్తుగా తగిలించండి.

మళ్ళీ ప్రయాణానికి వారం ముందు వింగ్‌ను ఒక రాత్రంతా నింపి ఉంచి చూడండి. మెత్తబడితే బాగు చేయించుకోవడానికి ఆ వారం సరిపోతుంది.